గుంటూరు–బెజవాడ మధ్య స్థలం కొనాలా? ముందు రెండొందల ఏళ్ళ కథ వినండి

నేను చరిత్ర చెప్పుకునేవాణ్ణని తెలిసి కూడా ఈ మధ్య కలిసిన ప్రతి కుర్రాడూ ఒకటే అడుగుతున్నాడు. "అన్నా, కాజా దగ్గర రెండొందల గజాలు తీసుకోవచ్చా? తుళ్ళూరు వైపు మళ్ళీ లేస్తుందంటగా? మా నాన్న పల్నాడులో ఎకరం అమ్మేసి గోరంట్లలో ఫ్లాటు కొందామంటున్నాడు, సరేనా?" అని.

నేను బ్రోకర్ని కాదు. ఇవాళ గజం ఎంత, రేపు ఎంత అవుతుంది అనేది ఈ ఎపిసోడ్‌లో దొరకదు. కాకపోతే ఈ నేల మీద భూమి రేటు ఎప్పుడు లేచింది, ఎవరి వల్ల లేచింది, పడినప్పుడు ఎవరి నెత్తిన పడింది అనేది చరిత్రలో ఉంది. అది తెలిస్తే మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మొదటే ఒక మాట చెప్పి పెడతాను, కథ పొడుగునా ఇది గుర్తుంచుకోండి. ప్రతి భూమికీ రెండు ధరలు ఉంటాయి. ఒకటి అమ్మకం రేటు. రెండోది కౌలు, అదే ఇల్లయితే అద్దె. ఈ భూమి ఈ సంవత్సరం ఎంత పని చేస్తుందో కౌలు చెబుతుంది. రేపు ఏదో జరుగుతుందని జనం ఎంత నమ్ముతున్నారో రేటు చెబుతుంది. గుంటూరు, ప్రకాశం మైదానంలో ఈ రెంటికీ మధ్య దూరం పెరిగిన ప్రతిసారీ ఏదో ఒక పెద్ద సంగతి జరిగింది.

అసలు రేటే లేని రోజుల నుంచి మొదలుపెడదాం. 1832, 33. గుంటూరు సీమలో వానలు పడలేదు. డొక్కల కరువు అన్నారు దాన్ని. ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని అంచనా. పక్కటెముకలు కనబడే మనుషులు దారుల వెంట పడిపోయారు, అందుకే ఆ పేరు. అప్పుడు భూమి ఆస్తి కాదు, బరువు. ఎందుకంటే దాని మీద కంపెనీ వాళ్ళకి శిస్తు కట్టాలి. పంట లేకపోయినా కట్టాలి. పొలం ఉన్నవాడే పొలం వదిలేసి పారిపోయిన కాలం అది. ఇవాళ సెంటు స్థలం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే జిల్లాలో ఇలాంటి రోజు ఒకటి ఉందంటే నమ్మబుద్ధి కాదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి బెజవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. 1852లో మొదలై 1855కి పూర్తయింది. కాటన్ దొర చెప్పి ఒప్పించాడు, కెప్టెన్ ఓర్ దగ్గరుండి కట్టించాడు. పడమటి కాలువ నీళ్ళు తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పారాయి. అదే మట్టి, అదే రైతు, అదే నాగలి. కానీ నీళ్ళు వస్తాయనే నమ్మకం వచ్చింది, దానితోపాటు ఎకరానికి విలువ వచ్చింది. కాలువ కింది ఊరికి పిల్లనిస్తారు, మెట్ట ఊరికి ఇవ్వడానికి ఆలోచిస్తారు అనే లెక్క అప్పటి నుంచి మొదలైందే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ విలువ పెంచింది రైతు చెమట ఒక్కటే కాదు. ఎక్కడో మద్రాసులో ఒక ఫైలు మీద సంతకం పడింది. కాలువ గీత ఇటు గీశారు, అటు గీయలేదు. గీతకి ఇటు ఉన్నవాడు ఆస్తిపరుడు అయ్యాడు, అటు ఉన్నవాడు వాన కోసం ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. ఈ మైదానం చరిత్ర అంతా ఒకరకంగా ఆ గీతల చరిత్రే. కాలువ గీత, రైలు గీత, హైవే గీత, చివరికి రాజధాని గీత.

మెట్టలో మాత్రం నల్లరేగడి ఉంది, దానిలో పత్తి ఉంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి, మాంచెస్టర్ మిల్లులు మన వైపు చూశాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతపు పత్తిని విదేశీ మార్కెట్లో కొకనాడ పత్తి అనేవారు, కాకినాడ రేవు నుంచి పోయేది కాబట్టి. నాలుగేళ్ళు రేటు ఆకాశంలో ఉంది. 1865లో యుద్ధం అయిపోయింది, రేటు కూడా అయిపోయింది. ఎక్కడి యుద్ధం, ఎక్కడి రైతు! అమెరికా సంగతులు మన ఇంటి బడ్జెట్‌ని కదిలించడం సాఫ్ట్‌వేర్‌తో మొదలవలేదండీ.

ఇక ఇళ్ళ సంగతికి వద్దాం. గుంటూరులో అరండల్‌పేట, బ్రాడీపేట చూశారు కదా? నాలుగో లైను, పదో లైను, అడ్డరోడ్డు అని గళ్ళు గీసినట్టుంటాయి. ఇంగ్లీషు అధికారుల పేర్లు పెట్టిన పేటలు. ఇవాళ మనం వెంచర్ అంటున్నామే, వాటికి తాతలు అనుకోవచ్చు. 1885లో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ వచ్చింది, 1904లో గుంటూరు విడి జిల్లా అయింది. జిల్లా అంటే కోర్టు, కోర్టు అంటే ప్లీడర్లు, ప్లీడర్లు అంటే ఇళ్ళు. డెల్టా రైతు వడ్ల డబ్బుతో పిల్లాణ్ణి చదివించడానికి గుంటూరులో గది అద్దెకి తీసుకున్నాడు. తర్వాత వర్జీనియా పొగాకు డబ్బు వచ్చింది, కొందరు గది ఖాళీ చేసి ఇల్లే కొన్నారు. గమనించండి, ఇక్కడ అద్దె ముందు వచ్చింది, రేటు వెనక వచ్చింది. మనుషులు ముందు వచ్చారు, గోడలు తర్వాత లేచాయి. ఇది ఆరోగ్యంగా పెరిగిన ఊరు లక్షణం.

పల్లెల్లో ఇల్లు మారింది మాత్రం సాగర్ తర్వాతే. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. కుడి కాలువ, జవహర్ కాలువ అంటారు, పల్నాడు మీదుగా ప్రకాశం దాకా 11 లక్షల ఎకరాల పైచిలుకు కోసం వేసింది. తెనాలి వైపు ఒక ఎకరం అమ్ముకుని ఇక్కడ చాలా ఎకరాలు కొనుక్కుని వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. మెట్టకి నీళ్ళొచ్చాయి, మిర్చి, పత్తి లేచాయి. మాచర్లలో కేసీపీ సిమెంటు 1958 నుంచే ఉంది, పల్నాడు సున్నపురాయి పుణ్యమా అని. అలా పూరిల్లు, పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది.

ఆ డాబాలు ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? స్లాబు మీద నాలుగు మూలలా ఇనుప చువ్వలు పైకి లేచి ఉంటాయి. తుప్పు పట్టి, వంగిపోయి ఉంటాయి. పై అంతస్తు వేద్దామనుకున్నారు, ఈ ఏడు మిర్చి బాగుంటే. నాకు ఆ చువ్వలు చూస్తే ఆ ఇంటివాళ్ళ పంటల జాబితా చదివినట్టు ఉంటుంది. మిర్చి రేటు వచ్చిన ఏడు గుంటూరు యార్డు ముందు టిక్కీల బళ్ళు క్యూ కడతాయి, రేటు లేకపోతే సరుకు ఏసీల్లోకి పోతుంది, అంటే కోల్డ్ స్టోరేజీల్లోకి. స్లాబు కూడా అలాగే వాయిదా పడుతుంది. ఈ మధ్యనే చూడండి. 2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. ఆ తర్వాత క్వింటాలు ఇరవై వేలు దాటిన రోజులు వచ్చాయి. 2025 మొదట్లో రేటు ఎంత పడిపోయిందంటే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది.

ఇంకో సంగతి, ఇల్లు కట్టేవాళ్ళకి. పత్తి పండించే ఈ నల్లరేగడి, ఇంటికి మాత్రం మంచి స్నేహితుడు కాదు. నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పునాది లోతుగా తీసి, ఆ మట్టి తీసేసి గ్రావెల్ నింపకపోతే గోడలు పగుళ్ళిస్తాయి. మా వైపు మేస్త్రీలు ఇల్లు ఖర్చులో పునాదిది విడిగా చెబుతారు. కొనేవాళ్ళు బ్రోషర్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ చూస్తారు, మట్టి చూడరు.

పత్తి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1970ల్లో హైబ్రిడ్ పత్తి వచ్చింది, తెల్ల బంగారం అన్నారు. డెల్టా నుంచి వచ్చినవాళ్ళు కూడా పల్నాడు, ప్రకాశం మెట్టలో భూములు కౌలుకి తీసుకుని వేశారు. అందరూ వేస్తుంటే కౌలు రేటు పెరిగింది. పురుగు పెరిగింది, మందు పెరిగింది, మందుకి పురుగు చావడం మానేసింది, తెల్లదోమ కమ్మేసింది. 1987, 88లో ప్రకాశం జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం మొత్తం మాట్లాడుకున్న వార్త. చనిపోయినవాళ్ళలో కౌలు రైతులు చాలామంది. భూమి వాళ్ళది కాదు కాబట్టి బ్యాంకు అప్పు లేదు, బయటి వడ్డీకి తెచ్చారు. భూమి ఉన్నవాడికి పంట పోయింది, భూమి మిగిలింది. కౌలుదారుకి ఏదీ మిగల్లేదు. రేటు పెరుగుతుందని పందెం వేసినప్పుడు ఓడిపోయేది ఎవరు అనే ప్రశ్నకి జవాబు ఆ ఏడాదే దొరికింది.

ఇప్పుడు రాజధాని దగ్గరికి వద్దాం. చాలామంది ఇది 2014లో మొదలైందనుకుంటారు. కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడే బెజవాడ–గుంటూరు మధ్య రాజధాని పెట్టాలనే వాదన గట్టిగా నడిచింది. 1937 శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాయలసీమకి ఒకటి, కోస్తాకి ఒకటి అని తేల్చి రాజధాని కర్నూలుకి, హైకోర్టు గుంటూరుకి ఇచ్చారు. 1954లో గుంటూరులో హైకోర్టు తెరిచారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే అది హైదరాబాదు వెళ్ళిపోయింది. రెండున్నరేళ్ళు కూడా నిండలేదు. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి కలిపి ఉడా పెట్టారు. నాలుగు ఊళ్ళు ఒకటవుతాయనే ఆశ అప్పటి నుంచీ మ్యాపుల్లో ఉంది.

2014 తర్వాత ఆ ఆశకి ఎకరాలు తోడయ్యాయి. ల్యాండ్ పూలింగ్‌లో 29 గ్రామాల నుంచి దాదాపు 28 వేల మంది రైతులు 34 వేల ఎకరాల దాకా ఇచ్చారు. షరతులు చూడండి. మెట్ట ఎకరానికి 1,000 గజాల ఇళ్ళ స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఎకరానికి, అంటే ఏటి ఒడ్డున ఎప్పుడూ నీళ్ళుండే భూమికి, 1,000, 450 గజాలు. ఎకరం అంటే 4,840 గజాలు. కాబట్టి రైతుకి తిరిగొచ్చేది మెట్టలో నాలుగో వంతు పైచిలుకు, జరీబులో 30 శాతం. దానితోపాటు పదేళ్ళు ఏటా కౌలు, మెట్టకి 30 వేలు, జరీబుకి 50 వేలు, ఏడాదికి కొంత పెంపుతో. భూమి లేని కుటుంబాలకి నెలకి 2,500 పింఛను.

దీన్ని నేను మొదట చెప్పిన రెండు ధరలతో చూడండి. ప్రభుత్వం ఇచ్చే డబ్బుని అందరూ కౌలు అనే పిలిచారు. అది నిజం, చేతికొచ్చే డబ్బు. మిగతాదంతా రేపటి రేటు మీద పెట్టిన నమ్మకం. అరటి, కూరగాయలు, పూలు పండే జరీబులో ఏడాది పొడుగునా కూలి పని ఉండేది. ఆ పని పోయింది, 2,500 మిగిలింది. అందుకే ఉండవల్లి, పెనుమాకల్లో చాలామంది భూమి ఇవ్వమన్నారు. వాళ్ళని అభివృద్ధికి అడ్డం అన్నారు కానీ, నన్నడిగితే వాళ్ళు కౌలు లెక్క బాగా తెలిసిన మనుషులు.

2015 అక్టోబరు 22న శంకుస్థాపన. వెలగపూడిలో సచివాలయం, నేలపాడులో హైకోర్టు వచ్చాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది. రేటు కూలింది, కౌలు చెక్కు ఆలస్యం అయింది, ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. 2022 మార్చిలో హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, రాత్రికి రాత్రి రేటు మళ్ళీ లేచింది. ప్రపంచ బ్యాంకు 2019లో వెనక్కి తగ్గి, 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్లకి సరే అంది, ఏడీబీ మరో 80 కోట్లకి. 2025 మే 2న పనులకి మళ్ళీ శంకుస్థాపన. పదేళ్ళలో ఆ మట్టి ఏమీ మారలేదు. సంతకాలు మారాయి. 1852 నాటి గీత కథే ఇది, కాకపోతే అప్పుడు గీసిన గీతని ఎవరూ చెరపలేదు.

ఇది మన దగ్గర మాత్రమే అనుకోకండి. మీలో చాలామందికి అన్నో అక్కో ఒహాయోలోని కొలంబస్ చుట్టుపక్కల ఉంటారు. దాని పక్కన లికింగ్ కౌంటీ ఉంది, మొక్కజొన్న, సోయా పండే పల్లె ప్రాంతం. 2022 జనవరిలో ఇంటెల్ అక్కడ 2,000 కోట్ల డాలర్లతో చిప్ ఫ్యాక్టరీ పెడతానంది. 2025కి మొదలవ్వాలి. ఆ ఏడాది మొదట్లో కంపెనీ 2030 లేదా 31 అని చెప్పింది. అక్కడ కూడా ఫ్యాక్టరీ కంటే ముందు ఆశ వచ్చి కూర్చుంది. ఒక తేడా మాత్రం ఉంది. కొలంబస్‌కి బతకడానికి కొత్త జనం వస్తున్నారు. మన దగ్గర?

ఇదీ అసలు లెక్క. 2001 నుంచి 2011కి గుంటూరు జిల్లా జనాభా 44.65 లక్షల నుంచి 48.88 లక్షలకి పెరిగింది. తొమ్మిదిన్నర శాతం. ప్రకాశం 11 శాతం. దేశం అదే పదేళ్ళలో 17 శాతం దాటి పెరిగింది. అంటే మన పిల్లలు పుట్టడం తగ్గింది, పుట్టినవాళ్ళు హైదరాబాదు, బెంగుళూరు, డాలస్ వెళ్ళారు. ఇక్కడ ఇల్లు కొనేది చాలావరకు వెళ్ళిపోయినవాడి డబ్బు. అమ్మానాన్నల కోసం ఒకటి, పెట్టుబడికి ఒకటి. రెండోదానికి తాళం వేసి ఉంటుంది. సాయంత్రం పూట హైవే పక్కన కొత్త అపార్టుమెంట్ల ముందు నిలబడి ఎన్ని కిటికీల్లో లైటు వెలుగుతోందో లెక్కపెట్టండి. ఏ రిపోర్టూ చెప్పనిది అది చెబుతుంది.

ఇంకోవైపు ఇల్లు నిజంగా కావలసినవాళ్ళు ఉన్నారు. మిర్చి కోతలకి వచ్చే కూలీలు, యార్డు హమాలీలు, పట్నంలో అద్దెకుండే కుటుంబాలు. 2020 డిసెంబరులో పేదలకి ఇళ్ళ పట్టాలిచ్చారు. పట్నంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే 48 గజాలు చిల్లర. 2023 మేలో రాజధాని భూముల్లోనే యాభై వేల మందికి పైగా పట్టాలిచ్చారు. మాస్టర్ ప్లాన్ చెడిపోతుందని రైతులు కోర్టుకెళ్ళారు, ఆగస్టులో నిర్మాణం ఆగింది. రైతుల వాదనలో న్యాయం ఉంది, వాళ్ళకిచ్చిన మాట వేరు. పేదవాడికీ రాజధానిలో చోటు ఉండాలి కదా అన్న ప్రశ్నలోనూ న్యాయం ఉంది. రెండు న్యాయాల్నీ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం రాజకీయం. ఆ కుటుంబాలకి మాత్రం చేతిలో కాగితం ఉంది, గోడ లేదు.

సరే, మీ ప్రశ్నకి వద్దాం. ఊరికే లెక్క కోసం, అసలు రేట్లు కావివి. పల్నాడులో ఎకరం 30 లక్షలు, కౌలు 30 వేలు అనుకోండి. ఏడాదికి ఒక శాతం. గోరంట్లలో ఫ్లాటు 50 లక్షలు, అద్దె నెలకి పది వేలు. ఏడాదికి 2.4 శాతం, మెయింటెనెన్స్ పోను ఇంకా తక్కువ, పైగా భవనం పాతబడుతుంది, పొలం పాతబడదు. అదే ఎకరం హైవే పక్కన కోటి అయినా కౌలు 30 వేలే ఉంటే, 0.3 శాతం. ఆ తేడా అంతా ఆశకి మీరు కడుతున్న ధర. కట్టవద్దనడం లేదు. ఎంత కడుతున్నారో తెలిసి కట్టండి.

నేనైతే అద్దెలు ఎక్కడ నిజంగా పెరుగుతున్నాయో చూస్తాను. మంగళగిరి ఎయిమ్స్ చుట్టుపక్కల, వడ్డేశ్వరం, నీరుకొండ, ఐనవోలు యూనివర్సిటీల దగ్గర రోజూ మనుషులు వచ్చి ఉంటున్నారు. అక్కడ ఇడ్లీ బండి నడుస్తోంది, హాస్టలు నిండుతోంది. అంటే అరండల్‌పేట దారి. నాలుగు రాళ్ళు పాతి, ఆర్చి కట్టి, మొక్కలు నాటిన వెంచర్‌లో రెండేళ్ళయినా ఒక్క ఇల్లూ లేవలేదంటే అది కొకనాడ పత్తి దారి. రెరా నంబరు అడగండి. వర్షాకాలంలో ఒకసారి వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలబడ్డాయో చూడండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అదే రోజుల్లో బుడమేరు బెజవాడ కాలనీల్ని ముంచింది. ఇటువైపు కొండవీటి వాగు ఉంది, దానికి ఎత్తిపోతల పెట్టాల్సి వచ్చింది. ఎండాకాలం సైటు చూపించేవాడు వాగు సంగతి చెప్పడు.

పల్నాడు ఎకరం అమ్మాలనుకుంటున్న తమ్ముడూ, ఇంకొక్కటి. ఆ పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారో మీ నాన్నని అడుగు. కౌలుకి చేసేవాళ్ళుంటే, మిర్చి తోట మీద ఈపాటికి వాళ్ళు అప్పు తెచ్చి ఉంటారు. రిజిస్ట్రేషన్ కోతలయ్యాక పెట్టుకోండి.

వచ్చే ఎపిసోడ్ చీరాల–పేరాల. 1921లో మునిసిపల్ పన్ను కట్టం అని వేలమంది సొంత ఇళ్ళకి తాళాలేసి, ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెనక నడిచారు. ఇల్లంటే ఏమిటో ఆ ఊరివాళ్ళు వేరేగా ఆలోచించారు. అది వివరంగా చెప్పుకుందాం.